విరిగిన వేలికి కట్టా, కత్తా?

మన ఒక్కో చేతిలో ఎన్ని ఎముకలున్నాయో తెలుసునాండీ? 27. మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్ళలో 14. బొటనవేలికి రెండు, తక్కిన నాలుగు వేళ్ళకూ మూడేసి. ఇంటర్లో బైపీసీ చదివిన రోజుల్లో ఈ లెక్క బట్టీపట్టి, పరీక్ష రాసి, పెళ్ళయ్యాక శుభ్రంగా మర్చిపోయాను. 2024 శ్రావణంలో నా కుడిచేతి ఉంగరం వేలు విరిగాక మళ్ళీ గుర్తొచ్చింది. నెల తిరక్కుండానే మా మేడమీద అద్దెకుండే అమ్మాయికీ వేలు విరిగింది. ఒకే ఇంట్లో రెండు వేళ్ళు! ఒకటి కట్టుతో నయమైంది, ఇంకొకటి ఆపరేషన్‌తో. విచిత్రమేమిటంటే, చూడ్డానికి ఘోరంగా ఉన్న వేలికి కత్తి అక్కర్లేకపోయింది. ఏమీ లేనట్టు కనిపించిన వేలికే థియేటర్లోకి వెళ్ళాల్సి వచ్చింది. ఎందుకలా అని అడుగుతారు కదూ? అది చెబుదామనే కలం పట్టుకున్నాను.

మన ఇళ్ళల్లో కాలు విరిగితే బంధువులంతా బత్తాయిలు పట్టుకుని వస్తారు. వేలు విరిగితే మాత్రం “వేలే కదా, కాస్త అమృతాంజనం రాసుకో” అంటారు. ఆ వేలు లేకుండా ఒక్క పూట వంటింట్లోకి వెళ్ళి చూడండి తెలుస్తుంది. చింతపండు పిసకాలన్నా, కొబ్బరి కోరాలన్నా, తడిగుడ్డ పిండాలన్నా, చీర కుచ్చిళ్ళు దోపుకోవాలన్నా, పిల్లకి జడ వెయ్యాలన్నా ఐదు వేళ్ళూ వంగాలి, ఐదూ తిన్నగా చాచుకోవాలి. ఉంగరం వేలూ, చిటికెన వేలూ ఉత్తుత్తివనుకుంటాం గానీ, రోకలి పట్టుకున్నా బకెట్ మొయ్యాలన్నా గట్టి పట్టులో ఆ రెంటిదీ పెద్ద వాటాయేనట.

మాది అశోక్‌నగర్. వానాకాలం వస్తే మా వీధుల్లో నడక ఎలా ఉంటుందో చిక్కడపల్లి, నారాయణగూడ వైపు ఉండేవాళ్ళకి చెప్పనక్కర్లేదు. వాన నన్ను వీధిలో ఏమీ చెయ్యలేదు, ఇంట్లోనే పట్టుకుంది. మేడమీద ఆరేసిన బట్టలు తీసుకొస్తుంటే మెట్ల మీద కాలు జారింది. పడిపోకుండా రెయిలింగ్ పట్టుకున్నాను. ఒళ్ళంతా ఒకవైపు తిరిగింది, వేలు రెయిలింగ్ చువ్వలో ఇరుక్కుని ఇంకోవైపు ఉండిపోయింది. ‘టక్’మన్న చప్పుడు నాకే వినిపించింది.

నేను ముందు చేసింది ఉంగరం తీసెయ్యడం. ఇది మీరందరూ గుర్తుపెట్టుకోవాలి. వేలికి, చేతికి ఎక్కడ దెబ్బ తగిలినా ఆ చేతి ఉంగరాలు, గాజులు వెంటనే తీసెయ్యాలి, నొప్పిగా ఉన్నా సరే. సబ్బు నీళ్ళో, నూనో రాస్తే జారి వస్తాయి. అరగంట ఆలస్యమైతే వేలు ఉబ్బిపోతుంది, ఉంగరం ఉరితాడులా బిగుస్తుంది. అప్పుడిక లాగకూడదు, కోయించాల్సిందే. బంగారం పోతుందని చూడకండి, బంగారాన్ని మళ్ళీ అతికించుకోవచ్చు. తర్వాత చెయ్యి గుండెకన్నా ఎత్తులో పెట్టుకుని, ఐసుముక్కలు గుడ్డలో చుట్టి పది నిమిషాలు అద్దాలి. పక్కనున్న వేలితో కలిపి వదులుగా కట్టేసి ఆసుపత్రికి బయల్దేరాలి. లాగడం, మర్దనా చెయ్యడం, “విరిచి సరిచేస్తా” అనే పక్కింటి పెద్దమనిషి చేతికివ్వడం, ఈ మూడూ వద్దు. చర్మం చిట్లి రక్తం వస్తుంటే మాత్రం “రేపు చూద్దాం” అనుకోవద్దు. లోపలి ఎముకకి సూక్ష్మక్రిములు చేరతాయి. ఆ రోజే శుభ్రం చేయించుకుని టెటనస్ ఇంజెక్షన్ సంగతీ అడగాలి.

మొదట వెళ్ళినచోట ఒకే ఒక్క ఎక్స్‌రే తీశారు. “సన్నటి గీత, ఏం ఫరవాలేదమ్మా” అని క్రేప్ బ్యాండేజి చుట్టి, మాత్రలు రాసి, వారం తర్వాత రమ్మన్నారు. వేలు చూస్తే నిజంగానే తిన్నగా ఉంది, కాస్త వాపు తప్ప. ఆ రాత్రి అన్నం తినబోతూ నాలుగు వేళ్ళూ మెల్లిగా మడిచాను. ఉంగరం వేలు వెళ్ళి చిటికెన వేలి మీదికెక్కి కూర్చుంది! చాచితే మళ్ళీ బుద్ధిమంతురాలు. మావారికి చూపించాను. “ఇదేదో తేడాగా ఉందే” అన్నారాయన. మర్నాడు పొద్దున్నే ఇంకో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన పెద్దాయన. ఎక్స్‌రే చూడకముందే “వేళ్ళు మడవమ్మా” అన్నారు. మడిచాను. “ఇదీ అసలు సంగతి” అన్నారు.

మీరూ ఒకసారి చెయ్యి ముందు పెట్టుకుని వేళ్ళు మడిచి చూడండి. విడివిడిగా మడిస్తే ప్రతి వేలి కొనా బొటనవేలి మొదలు వైపే వాలుతుంది. అన్నీ ఒకేచోటికి చూస్తాయి. నా ఎముక తాడు మెలితిప్పినట్టు ఏటవాలుగా విరిగి, పై ముక్క కొంచెం తిరిగింది. వేలు చాచినప్పుడు ఆ తిరుగుడు కంటికి కనిపించదు, మడిస్తేనే బయటపడుతుంది. ఒక్క ఎక్స్‌రేలో అది దొరక్కపోవచ్చు. ముందునుంచి, పక్కనుంచి, ఏటవాలుగా మూడు కోణాల్లో తీయాలట. ఎముక కొంచెం వంగి అతుక్కుంటే చేతికి అలవాటైపోతుంది, పిల్లల్లో అయితే పెరిగేకొద్దీ చాలావరకు సర్దుకుంటుంది కూడా. మెలిక మాత్రం చిన్నవాళ్ళకైనా పెద్దవాళ్ళకైనా దానంతటది పోదు. పిడికిలి బిగించిన ప్రతిసారీ వేళ్ళు కత్తెరలా ఒకదానిమీదొకటి పడతాయి.

ఇంటికొచ్చి ఆపరేషన్ అని చెప్పగానే అత్తయ్యగారు గయ్యిమన్నారు. ఆవిడది నగరి పక్క పల్లె. “వేలికి ఆపరేషనా? మా పుత్తూరుకు పోతే ఆకు కట్టు కట్టి పంపిస్తారు గదా! మా చిన్నాయన కాలే అతుక్కునింది” అన్నారు.

అత్తయ్యగారి మాట తీసిపారేసేది కాదండీ. తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్ళుండరు. నూరేళ్ళకు పైగా ఒక కుటుంబంవాళ్ళు తరతరాలుగా ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ పెట్టి కడుతున్నారు. కుందేలు విరిగిన కాలు ఏదో ఆకుతో అతుక్కోవడం చూసి వాళ్ళ పెద్దాయన ఆ ఆకు గుర్తుపట్టాడని కథగా చెప్పుకుంటారు. తమిళనాడు, కర్ణాటక నుంచీ జనం వస్తారు. ఇప్పుడు హైదరాబాదులోనూ ‘పుత్తూరు కట్టు’ బోర్డులు కనిపిస్తాయి. ఇక్కడివాళ్ళకి పాతబస్తీ పహిల్వాన్ల కట్టు ఉండనే ఉంది. ఇంతమంది ఊరికే వెళ్ళరు కదా?

నేనదే డాక్టరుగారిని అడిగాను. ఆయన కోప్పడలేదు. “కదలకుండా నిలబడిన ఎముకకి తిన్నగా ఉండే ఏ కట్టైనా చాలమ్మా. అతికించేది ఆకూ కాదు, నా పిండికట్టూ కాదు, నీ ఒళ్ళే. మేం చేసేది అతుక్కునేదాకా దాన్ని సరైన చోట ఉంచడమే” అన్నారు. చక్కటి మాట. విరిగే వేళ్ళలో చాలావాటికి ఎముక చోటు తప్పదు. అలాంటివి ఎవరు కట్టినా అతుక్కుంటాయి, కట్టినవాళ్ళకి పేరొస్తుంది. చోటు తప్పినదాన్ని, కణుపు లోపల పగిలినదాన్ని ఎక్స్‌రే లేకుండా పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఇంకో ప్రమాదం కూడా చెప్పారాయన. నాటు కట్టైనా, ఆసుపత్రి కట్టైనా బిగుతైతే రక్తం ఆడదు. కట్టు కట్టాక వేలికొన నల్లబడినా, నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గడానికి బదులు గంటగంటకీ పెరిగినా అర్ధరాత్రైనా సరే విప్పించుకోవాలి. బిగుతు కట్ల వల్ల వేళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

అత్తయ్యగారికి ఇదంతా చెబుతుంటే నాకు మా అమ్మ చెయ్యి కళ్ళముందు మెదిలింది. గుంటూరు జిల్లాలో మా ఊళ్ళో, నేను పసిపిల్లగా ఉన్నప్పుడు, అమ్మకి రోకటిపోటు తగిలి కుడిచేతి మధ్యవేలు విరిగిందట. ఊళ్ళోనే గుడ్డుసొన పట్టు వేశారు. ఎముక అతుక్కుంది, నొప్పీ పోయింది. “నయమైంది” అన్నారు అందరూ. ఆ వేలు మాత్రం మడిస్తే పక్కవేలి మీదికెక్కేది. అమ్మ మజ్జిగ చిలికేటప్పుడు కవ్వం తాడు ఒక వేలు తప్పించి పట్టుకునేది. పిడికిట్లో పట్టిన ముగ్గుపిండి సందులోంచి కారిపోయి, మా వాకిట్లో ముగ్గుగీతలు ఎప్పుడూ లావుగా పడేవి. అమ్మ పద్ధతే అంత అనుకున్నాం నలభై ఏళ్ళు! నా వేలు చిటికెన వేలి మీదికెక్కిన రాత్రిగానీ ఆ లావు గీతలెందుకో అర్థం కాలేదు. ఇప్పుడు సరిచెయ్యచ్చా అని అడిగితే, చెయ్యచ్చుగానీ అతుక్కున్న ఎముకని మళ్ళీ కోసి తిప్పాలన్నారు. మొదటి వారం పది రోజుల్లో అయితే కోత లేకుండానే సరిచేసే పని. రెండు మూడు వారాలు దాటితే వేలి ఎముకలు అతుకు మొదలుపెట్టేస్తాయి, ఇక కదలవు. “వేలే కదా” అని మనం జరిపేది సరిగ్గా ఆ మొదటి వారాన్నే.

నా ఆపరేషన్ అనుకున్నంత భయంకరంగా లేదు. చేతి వరకే మత్తిచ్చారు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఎముకని తిప్పి, కోత పెట్టకుండానే చర్మంలోంచి రెండు సన్నటి స్టీలు తీగలు దించారు. వాటిని కె-వైర్లంటారు. మార్టిన్ కిర్ష్నర్ అనే జర్మనీ సర్జన్ 1909లో వాడకంలోకి తెచ్చాడట, ఆయన పేరులో మొదటి అక్షరమే ఆ ‘కె’. తీగ ఖరీదు తక్కువే, ఖర్చంతా థియేటరుకీ మత్తుకీ. సాయంత్రానికి ఇంటికొచ్చేశాను. ఆగస్టు 16న వరలక్ష్మీవ్రతం. తోరం ఎడమచేతికే కట్టించుకున్నాను, అమ్మవారేమీ అనుకోలేదు లెండి. నాలుగు వారాలు చేతికి నీళ్ళు తగలకూడదన్నారు. వినాయకచవితికి ఉండ్రాళ్ళు మావారే చేశారు. వాటిని ఉండ్రాళ్ళని ఆయనొక్కరే అన్నారు. తర్వాత ఓపీలోనే తీగలు లాగేశారు. పరుపులోంచి దబ్బనం లాగినట్టు సర్రున వచ్చాయి. ఆ ఒక్క క్షణం పళ్ళు బిగపట్టాలి, అంతే.

ఇక మేడమీది అమ్మాయి సంగతి. జగిత్యాల వైపు పిల్ల. గ్రూప్-1 కోసం అశోక్‌నగర్లో చదువుకుంటోంది. మా వీధుల్లో కోచింగు సెంటర్లు, ఆ పిల్లల గదులు ఎన్నో మీకు తెలుసుగా. ప్రిలిమ్స్ పాసై మెయిన్స్‌కి చదువుతోంది. పరీక్షలు అక్టోబరు 21 నుంచి 27 దాకా, ఏడు పేపర్లు, రోజుకి మూడు గంటలు చేత్తో రాయాలి. చవితికి రెండు రోజుల ముందు ఏడుస్తూ కిందికొచ్చింది.

“ఆంటీ, బెడ్‌షీటు పరుపు కిందికి దోపుతుంటే వేలు గిట్లయింది. కొన లేస్తలేదు. పరీక్ష ఎట్ల రాయాలె నేను?”

కుడిచేతి మధ్యవేలి కొస, తెగిన పువ్వుతలలా వేలాడుతోంది. చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. దుప్పటి దోపుతుంటే వేలు విరగడమేమిటి అనుకుంటున్నారా? ఇది ఇళ్ళల్లో జరిగేదేనట. వేలికొనని పైకి లేపే సన్నటి నరం ఉంటుంది, డాక్టర్లు టెండన్ అంటారు. చాచిన వేలు దేనికైనా తగిలి హఠాత్తుగా వంగితే అది తెగుతుంది, లేదా అంటుకున్నచోటి ఎముక పెచ్చుతో సహా ఊడొస్తుంది. క్రికెట్ బంతి వేలికొనకి తగిలినా ఇదే అవుతుంది.

నేను చూపించుకున్న డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాను. ఆపరేషన్ అంటారని ఆ పిల్ల దారంతా వణికిపోయింది. ఆయన పక్కనుంచి ఎక్స్‌రే తీయించి, చిన్న పెచ్చే, కణుపు చోటు తప్పలేదన్నారు. వేలికొనకి చిన్న ప్లాస్టిక్ స్ప్లింటు తొడిగారు. పెచ్చు పెద్దదై కణుపులో మూడోవంతు దాటినా, కణుపు జారిపోయినా అప్పుడు ఆపరేషన్ ఆలోచిస్తారట. “ఎనిమిది వారాలు రాత్రీపగలూ ఇది ఉండాలి. కడుక్కోడానికి తీసినా వేలికొన బల్లమీద ఆనించే ఉంచాలి. ఒక్కసారి వంగిందా, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది” అన్నారు.

చెప్పడం తేలికే. నాకైతే తీగలు లోపలుండి వాటి పని అవి చేసుకున్నాయి. ఆ పిల్ల మాత్రం 56 రోజులు తనే కాపలా కాసుకోవాలి. స్నానం, నిద్ర, చదువు అన్నింట్లోనూ ధ్యాస వేలిమీదే. స్ప్లింటు శుభ్రం చేసేటప్పుడు నేను ఎడమచేత్తో వేలికొన పట్టుకునేదాన్ని. ఇద్దరం కుడిచేతులు పోగొట్టుకున్నవాళ్ళం, చూడ్డానికి నవ్వొచ్చేది. కత్తి లేని వైద్యం సులువనుకుంటాం గానీ అందులో ఓపిక మనదే, క్రమశిక్షణా మనదే. అంత ఓపిక లేనివాళ్ళకి అది కుదరదనే నా అభిప్రాయం. పెన్ను బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి, మధ్యవేలు పక్కకి చాచి రాయడం నేర్చుకుంది. రోజూ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూచుని మూడు గంటలు గడియారం పెట్టుకుని రాసింది. స్ప్లింటుతోనే ఏడు పరీక్షలూ రాసొచ్చింది. దీపావళికి తీశారు. కొనలో పిసరంత వంపు మిగిలింది, పనికి అడ్డేమీ లేదు. తర్వాత ఇంకొన్నాళ్ళు రాత్రిళ్ళు మాత్రం తొడుక్కుంది.

క్రికెట్ చూసే మావారు దీనికో ఉదాహరణ చెప్పారు. 2019 ప్రపంచకప్పులో ఆస్ట్రేలియా మీద సెంచరీ కొట్టిన శిఖర్ ధవన్‌కి ఎడమ బొటనవేలి మొదట్లో ఎముక చిట్లింది, కట్టు వేసి ఉంచారు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో జడేజాకి కూడా ఎడమ బొటనవేలే, కణుపు తప్పి ఎముక విరిగింది, ఆపరేషన్ చేశారు. (మన కాకినాడ అబ్బాయి హనుమ విహారి కండరం పట్టేసినా నిలబడి ఆడిన టెస్టే అది!) అదే చెయ్యి, అదే వేలు, వేరు వేరు వైద్యాలు. కాబట్టి “మా ఆడపడుచుకి కట్టుతోనే తగ్గింది” అనే మాట మన వేలికి పనికిరాదు.

మరి డాక్టరు ఆపరేషన్ అన్నప్పుడు మనం ఏమడగాలి? ఎముక చోటు తప్పిందా, కణుపులోకి పగులు వెళ్ళిందా, మడిస్తే వేలు తిరుగుతోందా అని అడగండి. ఈ మూడింటికీ ‘లేదు’ అంటే పక్కవేలితో జోడించి కట్టే కట్టే సాధారణంగా చాలు. రెండు వేళ్ళ మధ్య దూది పెట్టి టేపు వేస్తారు, మూడు నాలుగు వారాలు. ఏ ఒక్కటి ‘అవును’ అన్నా ఎందుకో వివరంగా చెప్పమనండి. తీగలా, ప్లేటూ స్క్రూలా అనీ అడగండి. ప్లేటుతో గట్టిగా నిలుస్తుంది, వేలు త్వరగా కదపచ్చు. దానికి కోత పెట్టాలి, పైన జారే టెండన్ అతుక్కుని బిగిసే భయమూ ఉంది. తీగలకి కోత ఉండదు, బయటికున్న కొనల దగ్గర చీము పట్టకుండా చూసుకోవాలి. సందేహంగా ఉంటే రెండో డాక్టరుకి చూపించండి, ఆ వారంలోపలే.

కట్టైనా కత్తైనా అసలు తిప్పలు తర్వాత మొదలవుతాయి. వేలు బిగిసిపోవడం! కదలకుండా నాలుగు వారాలు మించి ఉంచితే ఎముక అతుక్కున్నా కణుపు కర్రలా తయారవుతుంది. ఐస్‌క్రీం పుల్ల పెట్టి వేలంతా నిటారుగా నెలలు కట్టెయ్యకూడదు. స్ప్లింటు వేసినా అరచేతి దగ్గరి కణుపు వంచి, వేలి కణుపులు చాచి ఉంచేలా వేస్తారు, కీళ్ళ పట్టీలు కుంచించుకుపోకుండా. దెబ్బ తగలని వేళ్ళూ, మోచెయ్యీ, భుజమూ మొదటిరోజు నుంచే కదుపుతుండాలి.

నాకు తీగలు తీసిన రోజు వేలు సగం కూడా వంగలేదు. గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో చెయ్యి పెట్టి రోజుకి ఐదారుసార్లు వ్యాయామం. ముందు కొక్కెంలా కొసలు మాత్రం వంచడం, తర్వాత పిడికిలి, తర్వాత చాచడం. పళ్ళెంలో రాజ్మాగింజలు పోసి ఒక్కొక్కటీ ఏరి గ్లాసులో వెయ్యడం. అది కుదిరాక పెసలు, ఆ తర్వాత ఆవాలు. స్పాంజి పిండటానికి రెండో నెలలో ఒప్పుకున్నారు, తడిబట్టలు పిండటానికి మాత్రం మూడో నెల దాటాకే. వాపు మటుకు ఆర్నెల్లు దాకా సాయంత్రాలు కనిపిస్తూనే ఉంది, అది మామూలేనన్నారు. సంక్రాంతి నాటికి చపాతీపిండి రెండు చేతులతో పిసికాను. అత్తయ్యగారు పక్కన కూచుని వేళ్ళు మడిపించి చూశారు, నాలుగూ ఒకేచోటికి వాలాయో లేదోనని.